ఆఖరోడు వచ్చేదాకా బండి కదలదు: గోదావరి గట్ల మీద డర్ట్ బైకింగ్

ఈ ఎపిసోడ్ డర్ట్ బైకింగ్ గురించి. ఏ బండి కొనాలి అనే వీడియో మాత్రం కాదు, ముందే చెప్పేస్తున్నా. బండి సంగతి మధ్యలో రెండు నిమిషాలు మాట్లాడదాం, అది చెప్పకపోతే మీరు ఊరుకోరు కాబట్టి. అసలు మాట్లాడాల్సింది వేరే ఉంది. నలుగురు ఫ్రెండ్స్ కలిసి సన్న దారిలో బండ్లు తోలుతున్నప్పుడు ఎవడు బాగా తోలతాడు అన్నది మూడో విషయం. మొదటిది, వెనకోడు వస్తున్నాడా లేదా. రెండోది, ఈ గట్టు ఎవరిది. ఈ రెండూ పట్టించుకోకుండా ఎన్ని స్కిల్స్ నేర్చుకున్నా, వచ్చే ఆదివారానికి తోలడానికి దారే ఉండదు. ఒక్కోసారి తోలడానికి మనిషే ఉండడు.

డర్ట్ బైక్ అనగానే అందరికీ కొండలు, రాళ్ళు, అడవి గుర్తొస్తాయి. మా నరసాపురంలో కొండ ఎక్కడుందండీ? మాకు ఎత్తు అంటే ఏటిగట్టే. పక్కనే వశిష్ఠ గోదారి, కాస్త దూరంలో సముద్రం, మధ్యలో అంతా బల్లపరుపు. అందుకే మావాళ్ళు చాలామంది "ఇక్కడ ఏముందిరా, తోలితే మారేడుమిల్లిలో తోలాలి" అంటారు. మారేడుమిల్లి సంగతికీ వస్తాను. కానీ సింగిల్ ట్రాక్ అంటే ఏంటో ఒకసారి చూడండి. ఒక్క బండి పట్టేంత దారి. పక్కన ఇంకోటి రాదు. ఎదురుగా గేదె వస్తే ఆగాల్సింది మనమే. టెక్నికల్ అంటే స్పీడు పెంచితే దాటిపోయేది కాదు. క్లచ్చు, బ్యాలెన్సు, చూపు, ఓపిక, ఈ నాలుగూ కావాలి. ఆ లెక్కన చూస్తే డెల్టా నిండా సింగిల్ ట్రాకే. కాలవ గట్లు, పంట బోదెల గట్లు, చెరువు గట్లు, కొబ్బరి తోటల్లో కాలిబాటలు, సముద్రం పక్కన సరుగుడు తోటల్లో ఇసక దారులు. కొండ మీద జారితే రాయి తగులుద్ది. ఇక్కడ జారితే ఒకపక్క కాలవ, ఇంకోపక్క చేను.

ఈ గట్ల మీద దారులు ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెడితే 1852కి పూర్తయింది. అక్కణ్ణుంచి వచ్చిన కాలవలు చేలకి నీళ్ళు ఇవ్వడానికే కాదు, పడవలు తిరగడానికి కూడా. లాకులు కట్టింది అందుకే. ఎదురు నీటికి పోయేటప్పుడు పడవకి తాడు కట్టి, మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. అంటే ఇది మనిషి నడకతో పడిన బాట. ఇప్పుడు పెద్ద కాలవలకి చాలాచోట్ల ఒక గట్టు మీద తారు రోడ్డు పడిపోయింది, రెండో గట్టు మట్టిగానే ఉంది. మేం ఎక్కువగా తోలేది ఆ రెండో గట్టు మీదే.

ఇక నేల సంగతి. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే యూట్యూబ్‌లో కనపడే టెక్నిక్‌లు ఎక్కువ రాళ్ళ కొండల కోసం చెప్పినవి. మన నేల వేరు.

మనది బంక మట్టి. ఎండాకాలంలో సిమెంట్‌లా ఉంటది. గేదెలు తడి మీద నడిచిన గిట్టల గుర్తులు అలాగే ఎండిపోయి, గుంటలు గుంటలుగా ఉంటాయి. దాని మీద కూర్చుని తోలితే పది నిమిషాల్లో నడుం పట్టేస్తది. నిలబడి తోలాలి. మోకాళ్ళతో ట్యాంకు పట్టుకోవాలి, చేతులు వదులుగా ఉండాలి, బరువంతా ఫుట్‌పెగ్స్ మీద ఉండాలి. హ్యాండిల్‌ని గట్టిగా బిగించి పట్టుకుంటే గుంట కొట్టిన ప్రతి దెబ్బా మీ భుజానికే. వదులుగా పట్టుకుంటే ముందు చక్రం అటూ ఇటూ ఆడి తనే సర్దుకుంటది.

అదే మట్టి తడిస్తే ఇంకో జంతువు. ఓ చిన్న జల్లు పడితే చాలు, పైన ఒక్క పొర నూనె రాసినట్టు అయిపోద్ది. లోపల గట్టిగానే ఉంటది, పైన మాత్రం జారుద్ది. టైరు గళ్ళల్లో మట్టి నిండిపోయిందంటే అది నాబీ టైరు అయినా ఒకటే, అరిగిపోయిన స్కూటర్ టైరు అయినా ఒకటే. ముందు మడ్‌గార్డు కింద మట్టి ఇరుక్కుని చక్రం తిరగడం ఆగిపోయిన బండ్లు నేను చూశాను. అందుకే మా గ్యాంగులో రూల్, వాన పడితే కనీసం రెండు రోజులు గట్టు ఎక్కం. దారిలో తడి ముక్క తగిలితే ముందే స్పీడు తగ్గించుకుని, రెండో గేరులో, త్రాటిల్ ఒకే తీరుగా ఉంచి పోవాలి. తడి మీదకి వచ్చాక ముందు బ్రేకు పట్టారా, బండి మీ పక్కన పడుకుంటది.

ఇంకోటి, చూపు. చూపు ఎటుంటే బండి అటే పోద్ది. ఇది ఎక్కడైనా చెప్తారు, గట్టు మీద మాత్రం నిజంగా ప్రాణం మీదకొచ్చే మాట. కాలవ కనిపించగానే కన్ను నీళ్ళ వైపే లాగుద్ది. పడతానేమో అని నీళ్ళని చూశారంటే పడతారు, అంతే. పది పదిహేను మీటర్ల దూరంలో దారి మధ్యలో ఒక గడ్డి దుబ్బు పెట్టుకోండి కంటికి. అది వచ్చేలోగా ఇంకో దుబ్బు.

ఇసక పూర్తిగా రివర్స్. పేరుపాలెం బీచ్ వైపు, మొగల్తూరు దాటాక... అవును, కృష్ణంరాజు గారి ఊరే, ప్రభాస్ వాళ్ళ ఊరే, మీరు అనుకుంటున్నదే... అటువైపు సరుగుడు తోటల్లో ఇసక దారులుంటాయి. ఇసకలో నెమ్మదిగా పోతే ముందు చక్రం దిగబడుద్ది. నడుం కాస్త వెనక్కి వేసి, త్రాటిల్ వదలకుండా ఉంటే ముందు చక్రం తేలుద్ది. అది పాములా అటూ ఇటూ పోతది, భయపడి త్రాటిల్ మూసేస్తే అక్కడే పడతారు. సరుగుడు ఆకు మెత్తగా పరుచుకుని ఉంటది కదా, దాని కింద వేర్లు కనపడవు. వేరుకి అడ్డంగా, నిటారుగా వెళ్తే ఫర్వాలేదు. ఏటవాలుగా వెళ్తే చక్రం వేరు వెంట జారిపోద్ది. కొబ్బరి తోటలో పడున్న మట్టకీ ఇదే లెక్క. తడిసిన కొబ్బరి మట్ట కంటే జారేది ఇంకోటి ఉందని నేననుకోను.

బోదెల మీద రెండు తాటి దుంగలు వేసి ఉంటాయి చూశారా, మనుషులు దాటడానికి. వాటి మీంచి బండి ఎక్కించి హీరోయిజం చెయ్యకండి. దిగండి. ఒకడు ముందు హ్యాండిల్, ఒకడు వెనక క్యారియర్, ఇంకొకడు పక్కన. మొదటి గేరు, సగం క్లచ్చు, నడిపించుకుంటూ దాటించండి. ఆ దుంగలు మన 150 కేజీల బండి కోసం వెయ్యలేదు, మేత బస్తా భుజాన వేసుకుని దాటే మనిషి కోసం వేసినవి. విరిగితే రేపు పొద్దున్న ఆయన ఎలా దాటతాడు?

చెరువు గట్లు వేరే కథ. మన చుట్టూ రొయ్యల చెరువులు, చేపల చెరువులే కదా. పైకి గట్టు విశాలంగా, సాఫీగా కనిపిస్తది, అందుకే కొత్తవాళ్ళు దాన్ని సులువు అనుకుంటారు. ఏరియేటర్లకి కరెంటు వైర్లు గట్టు అంచున పోతా ఉంటాయి. కొన్నిచోట్ల గడ్డిలో కప్పడిపోయి ఉంటాయి, కొన్నిచోట్ల దారికి అడ్డంగానే ఉంటాయి. నాబీ టైరుతో వైరు తొక్కి, తోలు ఊడిపోయి, అది నీళ్ళల్లో పడితే ఏమవుద్దో నేను చెప్పక్కర్లేదు. మేం చెరువు గట్టు మీద రైతు దగ్గరుండి "ఇటు వెళ్ళండి" అంటే తప్ప తోలం. ఇందులో మినహాయింపు లేదు.

సరే, బండి. రెండు నిమిషాలు. మన దగ్గర ఎక్కువమందికి అందుబాటులో ఉండేది హీరో ఎక్స్‌పల్స్. 2019లో వచ్చింది. అంతకు ముందు 2011లో హీరో ఇంపల్స్ అని 150 సీసీ బండి వచ్చింది, అప్పట్లో ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కళ్ళకద్దుకుంటున్నారు. ఎక్స్‌పల్స్‌కి ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18, గ్రౌండ్ క్లియరెన్స్ 220 మిల్లీమీటర్లు. గట్లకి ఇది చాలు. 4వీ ప్రో మోడల్‌కి క్లియరెన్స్ 270, సీటు ఎత్తు 891 మిల్లీమీటర్లు. కాళ్ళు అందనివాళ్ళు దాన్ని చూసి మోజు పడొద్దు. గట్టు మీద కాలు కింద పెట్టాల్సి వచ్చినప్పుడు, ఆ కాలి కింద నేల ఉండదు, వాలు ఉంటది. పొట్టిగా ఉన్న బండే మిమ్మల్ని కాపాడుద్ది. కవాసకీ కేఎల్‌ఎక్స్ 140 లాంటి అసలు సిసలు డర్ట్ బైకులకి రిజిస్ట్రేషన్ ఉండదు, రోడ్డెక్కకూడదు, ట్రాలీ ఆటోలో వేసుకుని పోవాలి. లైసెన్స్ లేని తమ్ముళ్ళకి ఒక మాట. మైనర్ బండి తోలి దొరికితే 2019 సవరణ ప్రకారం బండి ఇచ్చిన పెద్దవాళ్ళకి 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ళ దాకా జైలు కూడా పడొచ్చు. నాన్నగారి పేరు మీద ఉన్న బండిని గట్టెక్కించే ముందు అది గుర్తుపెట్టుకోండి.

గాలి సంగతి. ట్యూబ్ టైర్లు కాబట్టి మరీ తగ్గించేస్తే ట్యూబ్ రిమ్ముకీ నేలకీ మధ్య నలిగి రెండు చిల్లులు పడతాయి. నేను 18 పీఎస్‌ఐ దగ్గర ఆపుతాను. తిరిగి రోడ్డెక్కే ముందు మళ్ళీ కొట్టుకోవాలి, అందుకే ఒక చేతి పంపు గ్యాంగులో ఎవడో ఒకడి బ్యాగులో ఉండాలి. బండి అయిపోయింది. ముందుకెళ్దాం.

మా గ్యాంగులో వరస ఇలా ఉంటది. ముందు వెళ్ళేవాడికి దారి తెలిసుండాలి. వాడు ఫాస్ట్‌గా తోలేవాడు కానక్కర్లేదు. వాడి వెనకాలే అందరికంటే కొత్తవాడు. ఎందుకంటే ముందున్నవాడు ఏ గీత మీద పోతున్నాడో చూసి అదే గీత మీద వాడూ పోతాడు. ఆఖర్న అందరికంటే బాగా తోలేవాడు, పానాలు, పంపు, ట్యూబు, తాడు వాడి దగ్గరే. చాలా గ్యాంగుల్లో దీనికి రివర్స్ చేస్తారు. బాగా తోలేవాడు ముందు ఎగిరిపోతాడు, రానివాడు ఆఖర్న ఒక్కడే మిగిలిపోతాడు. వాడు అందుకోవాలని తన కెపాసిటీ దాటి తోలతాడు, పడతాడు. పడ్డ సంగతి ముందున్నవాళ్ళకి తెలీదు, హెల్మెట్, ఇంజన్ సౌండు, ఏం వినపడదు.

రెండో రూల్, ప్రతి మలుపు దగ్గరా ఆగాలి. వెనకోడి లైటు కనపడితేనే కదలాలి. ప్రతివాడూ తన వెనకున్న ఒక్కడికి బాధ్యుడు, అంతే. ఇలా ఉంటే దారి తప్పిపోవడం జరగదు, ఒకడు ఆగితే గొలుసులాగా అందరూ ఆగిపోతారు. రెండు నిమిషాలు చూసి రాకపోతే వెనక్కి తిప్పాలి. ఫోన్ చేద్దాంలే అనుకోవద్దు. పడినవాడు ఫోన్ ఎత్తే పరిస్థితిలో ఉండకపోవచ్చు.

దీనికి ఒక ఉదాహరణ చెప్తాను. వేసవి, కాలవలు కట్టేసిన రోజులు. నలుగురం ఒక బోదె గట్టు మీద పోతున్నాం. కాలవ ఎండిపోయింది కానీ ఆ బోదెలో మోకాలి లోతు మురుగు నిలిచి ఉంది. మూడోవాడి ముందు చక్రం అంచు విరిగి బోదెలోకి జారింది. బండి వాడి కాలు మీద పడింది, సైలెన్సర్ పిక్కకి ఆనుకుంది, వాడి మొహానికీ నీళ్ళకీ మధ్య జానెడు దూరం. ఒక్కడి వల్ల ఆ బండి లేవదు, పైగా వాడు తల పైకెత్తి పట్టుకోవడానికే బలమంతా పెడుతున్నాడు. ముందున్న మేమిద్దరం మలుపు దగ్గర ఆగి చూస్తున్నాం. నాలుగోవాడు మాత్రం యాభై అడుగుల వెనకే ఉన్నాడు. వాడు దూకి ముందు తల పట్టుకున్నాడు, బండి తర్వాత. మేం వెనక్కి తిప్పి వచ్చాక ముగ్గురం కలిసి ఎత్తాం. పిక్క కాలింది, నెల రోజులు కట్టు. అంతే. అంతే అని ఎంత సులువుగా అంటున్నానో చూడండి. ఆ రోజు మూడోవాడే ఆఖరోడు అయ్యుంటే ఈ వీడియో ఉండేది కాదు.

మీకు ఇది భయస్తుల పద్ధతిలా అనిపించొచ్చు. ఆస్ట్రియాలో ఎర్జ్‌బర్గ్ అని ఒక ఇనుప గని కొండ ఉంది. 1995 నుంచి అక్కడ హార్డ్ ఎండ్యూరో రేసు పెడుతున్నారు. ఫైనల్‌కి 500 మంది బయల్దేరతారు, 4 గంటల టైము, చివరికి వచ్చేవాళ్ళని ఏడాదిని బట్టి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2015లో డౌన్‌టౌన్ అని ఒక కొత్త సెక్షన్ పెట్టారు, అడవిలో నిటారు ఎక్కుడు. ముందున్న నలుగురు, గ్రాహం జార్విస్, జానీ వాకర్, ఆల్‌ఫ్రెడో గోమెజ్, ఆండ్రియాస్ లెటెన్‌బిక్లర్, ప్రపంచంలోనే టాప్ రైడర్లు, ఎవరికి వారు దాన్ని దాటలేకపోయారు. అప్పుడు ఏం చేశారో తెలుసా? ఒకరి బండి ఒకరు లాగి, నెట్టి, నలుగురి బండ్లూ పైకి చేర్చారు. ఫినిష్ లైన్ కూడా నలుగురూ కలిసే దాటారు. నలుగురినీ విన్నర్స్‌గా ప్రకటించారు. ఆ వీడియో వెతికి చూడండి, మన తాటి దుంగ దగ్గర ముగ్గురం బండి మోసినట్టే ఉంటది.

డాకర్‌లో కూడా పడినవాడి కోసం ఆగితే ఆగిన టైమును తర్వాత మీ లెక్కలోంచి తీసేస్తారు. అంత పెద్ద రేసులో అలాంటి రూల్ ఉందంటే ఊరికే ఉండదు. 2020 డాకర్‌లో హీరో టీమ్ తరఫున తోలుతున్న పోర్చుగల్ రైడర్ పావులో గోన్సాల్వెస్ ఎడారిలో పడి చనిపోయాడు. వెనకాల వస్తున్న టోబీ ప్రైస్, అంతకు ముందు ఏడాది గెలిచిన ఛాంపియన్, రేసు సంగతి పక్కనపెట్టి ఆయన దగ్గరే ఆగిపోయాడు. హీరో టీమ్ ఆ ఏడాది మిగతా రేసు నుంచి తప్పుకుంది. అదే డాకర్‌లో 2015లో సీఎస్ సంతోష్ పూర్తి చేసిన మొదటి ఇండియన్ అయ్యాడు. 2024లో కేరళ కుర్రాడు హరిత్ నోవా ర్యాలీ 2 క్లాసు గెలిచాడు. మనవాళ్ళూ అక్కడిదాకా వెళ్ళారు, మీలో ఎవరో ఒకరు వెళ్ళొచ్చు కూడా.

పడినప్పుడు ఏం చెయ్యాలో కూడా చెప్పుకుందాం. 108కి ఫోన్ చేస్తే ముందు అడిగేది ఎక్కడున్నారని. "గట్టు మీద అండి" అంటే ఏ గట్టు? అందుకే బయల్దేరేటప్పుడే దారిలో వచ్చే లాకులు, వంతెనలు, గుడులు, ఊళ్ళ పేర్లు గుర్తుపెట్టుకోవాలి. గట్టు మీదకి అంబులెన్స్ రాదు, ఒకడు తారు రోడ్డు దాకా వెళ్ళి నిలబడాలి. మెడకి దెబ్బ తగిలిందని అనుమానం ఉంటే మనిషిని కదపొద్దు. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగెయ్యొద్దు. ముగ్గురు కంటే తక్కువ మంది ఉంటే మేం అసలు బయల్దేరం. ఒకడు పడితే ఒకడు దగ్గరుండాలి, ఒకడు సాయానికి వెళ్ళాలి. లెక్క ఇంతే.

ఫోన్ గురించి ఒక చిన్న మాట, మీకు బాగా అవసరం. హ్యాండిల్‌కి మౌంట్ పెట్టి ఫోన్ తగిలించొద్దు. ఇంజన్ అదురుకి కెమెరా పాడయ్యే అవకాశం ఉందని యాపిల్ వాళ్ళే 2021లో చెప్పారు. ప్యాంటు జేబులో పెడితే పడ్డప్పుడు ఫోనూ పగులుద్ది, తొడా కమిలిపోద్ది. నడుం సంచిలో, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి పెట్టుకోండి. ఇంట్లో ఒకరికి లైవ్ లొకేషన్ పంపించి బయల్దేరండి.

ఇప్పుడు రెండో విషయం, గట్టు ఎవరిది. కాలవ గట్టు ప్రభుత్వానిది, బోదె గట్టు పక్క రైతులది, చెరువు గట్టు చెరువు ఆసామిది. మన పేరు ఎక్కడా లేదు.

మేం రెండేళ్ళుగా తోలుతున్న ఒక గట్టు మీద ఒక రోజు వెళ్తే ముళ్ళకంప అడ్డంగా వేసి ఉంది. ఎందుకో కనుక్కుంటే, అంతకు ముందు వారం ఏవో వేరే ఊరి కుర్రాళ్ళు రీల్స్ కోసం వచ్చి, తడి గట్టు మీద చక్రం తిప్పి తిప్పి మట్టి ఎగరగొట్టారట. గట్టు అంచు పగిలి, రాత్రికి రాత్రి నీళ్ళు పక్క చేలోకి పోయాయి. దాళ్వా చేను, కోతకి ఎన్నాళ్ళో లేదు. పదిహేను సెకన్ల వీడియో కోసం ఒకాయన పంట నీటిలో పడుకుంది. మేం కాదు కదా అని మేం కంప పక్కకి లాగి పోవచ్చు. అలా పోతే ఇంక ఆ గట్టు ఎప్పటికీ రాదు. బండ్లు ఆపి, నడుచుకుంటూ ఆయన మకాం దగ్గరికి వెళ్ళాం. హెల్మెట్లు తీసి చేతిలో పట్టుకుని వెళ్ళాం, మొహాలు కనపడాలి కదా.

"బాబాయ్ గారూ, మేం ఆ బ్యాచ్ కాదండి, కానీ బండ్లు అలాంటివే" అన్నాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పారలు పట్టడం వచ్చా మీకు?" అన్నారు. ఆ పూట బండ్లు తోల్లేదు, గట్టు పూడ్చాం. నలుగురిలో ఇద్దరికి పార పట్టడం రాలేదు, అది వేరే సంగతి, ఆయన నవ్వుకున్నారు. చివర్లో ఆయనే మూడు మాటలు చెప్పారు. వాన పడితే రావద్దు. మకాం దగ్గర ఇంజన్ ఆపి నెట్టుకుంటూ వెళ్ళండి, మా ఆవిడ గేదెలు బెదురుతున్నాయి. ఇంకెవరైనా ఈ గట్టు ఎక్కితే నాకు చెప్పండి. ఇప్పటికీ ఆ మూడూ పాటిస్తున్నాం. ఆ గట్టు ఎక్కడుందో నేను చెప్పను, లొకేషన్ ట్యాగ్ ఎప్పుడూ పెట్టం. అడగొద్దు.

సైలెన్సర్ మార్చినవాళ్ళు ఉన్నారు మనలో. తోలేవాడికి ఆ సౌండు ఇష్టం. పక్క చేలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళకి, చెట్టు కింద పడుకున్న పసిపిల్లకి కాదు. కంపెనీ సైలెన్సర్‌తో గట్టు మీద పోతే సగం గొడవలు మొదలవ్వవు. మనిషి ఎదురైతే ఆగి, ఇంజన్ ఆపి, "వెళ్ళండి అండి" అనాలి. పెద్దావిడ గడ్డిమోపు ఎత్తుకుని వస్తుంటే హారన్ కొట్టడం ఏంటండీ అసలు?

నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి దిగితే అటు అంతర్వేది, ఇసక, సముద్రం. పంటు మీద బండ్లు పెట్టుకుని గోదారి దాటడం మాకు రైడ్‌లో సగం సరదా. కానీ అక్కడ సముద్రం ఒడ్డున మేం తోలం. చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికి వచ్చి ఇసకలో గుడ్లు పెడతాయి. 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1లో ఉన్న జీవి అది, పులితో సమానం. గూడు పైనించి కనపడదు, మీ చక్రం కింద ఉందో లేదో మీకు తెలీదు. రాత్రి పూట హెడ్‌లైట్ వేస్తే పిల్లలు సముద్రం అనుకుని వెలుగు వైపు పాకుతాయి. సీజన్ కానప్పుడు కూడా ఎందుకంటే, అక్కడ వలలు ఆరబెట్టుకుంటారు, పడవలు లాగుతారు. తోటల్లో ఇసక చాలు మనకి.

మారేడుమిల్లి అన్నాను కదా. రాజమండ్రి, రంపచోడవరం మీదుగా వెళ్ళొచ్చు. ఎర్రమట్టి, రాళ్ళు, వాగులు, నిజంగా బాగుంటది. గట్టు మీద నేర్చుకున్న క్లచ్ కంట్రోల్ అక్కడ నేరుగా పనికొస్తది, ఎక్కుడులో త్రాటిల్ ఎంత ఇవ్వాలన్నది మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. కానీ అది రిజర్వ్ ఫారెస్టు ఉన్న ఏరియా. పాపికొండలు 2008 నుంచి నేషనల్ పార్కు. అనుమతి లేకుండా అడవి లోపలి దారుల్లోకి బండి తిప్పితే కేసు. గుడిస గడ్డి కొండ మీద తోలుతూ రీల్స్ పెడుతున్నారు, ఆ పచ్చదనం అలా ఉండేది గడ్డి వేర్లు మట్టిని పట్టుకుని ఉండబట్టే. ఒక చక్రం గీత పడితే వానకి అది కాలవ అవుద్ది. అక్కడ ఉన్న దారి మీదే వెళ్ళండి, చెక్‌పోస్ట్ దగ్గర అడిగి వెళ్ళండి, కాదంటే వెనక్కి రండి. కొండరెడ్ల ఊళ్ళ మధ్య నుంచి పోతున్నప్పుడు అది మన గట్టు లాంటిదే, వాళ్ళు రోజూ నడిచే బాట. అక్కడ మనం ఇంకా కొత్తవాళ్ళం.

హెల్మెట్, బూట్లు, మోకాలి గార్డులు, గ్లోవ్స్, ఇవి చెప్పాల్సిన పని లేదనుకుంటా. డబ్బులు తక్కువైతే ముందు బూట్లు కొనండి, చీలమండ పైదాకా ఉండేవి. ఎక్స్‌ట్రా లైట్లు, స్టిక్కర్లు ఆగుతాయి.

ఆఖరుగా బండి కడగడం. బంక మట్టి ఎండిందంటే సుత్తి పెట్టి కొట్టాలి, అందుకే ఇంటికి రాగానే కడిగెయ్యాలి. సముద్రం వైపు వెళ్ళొచ్చిన బండి అయితే ఇంకా తొందర. మన దగ్గర చాలా బోర్లలో నీళ్ళు ఉప్పే కదా, ఉప్పు గాలి తగిలిన బండిని ఉప్పు నీళ్ళతో కడిగితే చైను, ఊచలు నెలలో తుప్పు పడతాయి. కుళాయి నీళ్ళో, కాలవ నీళ్ళు బకెట్లతో తెచ్చో కడగండి. రేడియేటర్ ఉన్న బండి అయితే ప్రెషర్ గొట్టం దాని రెక్కల మీద నేరుగా పెట్టొద్దు. చైను ఆరాక ల్యూబ్ వెయ్యండి, తడి మీద వేస్తే లోపల నీళ్ళు ఉండిపోతాయి. మాలో ఒకడింటి దగ్గర మంచినీళ్ళ కుళాయి ఉంది, నాలుగు బండ్లూ అక్కడే కడుగుతాం, వాళ్ళమ్మగారు తిట్టుకుంటూనే టీ పెడతారు. ఉంటానండి.